మౌలాలి తాత షికారీ తుపాకీ

మొన్న ఆదివారం పద్మారావు నగర్‌లో మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చున్నది ఇద్దరం: నేను, మా చిన్నాయన కొడుకు. బల్ల మీద ఉన్నవి ఐదు: కాన్వాసు గుడ్డలో చుట్టిన షికారీ తుపాకీ, మడతల దగ్గర చిరిగిన లైసెన్సు పుస్తకం, నేను పనిలో చేరిన కొత్తలో కొన్న వెర్నియరు కాలిపరు, పేలిన తూటా గుల్ల ఒకటి, నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి. మా చిన్నాయన పోయాక ఆ తుపాకీని తుడిచేవాళ్లు కూడా లేరు కనుక దాన్ని ఠాణాలో అప్పగించి లైసెన్సు రద్దు చేయించుకుందామని తమ్ముడి ఆలోచన. దరఖాస్తులో తుపాకీ వివరాలు రాయాలట, కొలతలు నా దగ్గర తప్పక ఉంటాయని వచ్చాడు.

ఉన్నాయి. నోటుబుక్కులో ఎడమవైపు ‘షికారీ’, కుడివైపు ‘సైన్యం’ అని గీతలు కొట్టి, నీలి సిరాతో ఇరవై ఒక్క వరసలు రాసి ఉన్నాయి. వాటి కింద ఎర్ర సిరాతో ఇరవై రెండో వరస ఒకటి ఉంది. తమ్ముడు దాని మీద వేలు పెట్టి, ఇది తుపాకీ కొలత కాదు కదన్నా అన్నాడు. కాదన్నాను. అప్పుడు వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది సికింద్రాబాదులో ఉన్నవాళ్లకు ఆ రోజుల గాలి ఎలా ఉండేదో నేను వేరే చెప్పనక్కరలేదు.

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. సాంకేతిక విద్య ముగించి రైల్వే వర్క్‌షాపులో చేరి ఎనిమిది నెలలైంది. చేతిలో కాలిపరు ఉంటే దొరికిన వస్తువునల్లా కొలవడం, కొలిచినదల్లా రాయడం నా అలవాటు. మా వదిన వంటింట్లో ఇత్తడి చెంబుల మూతులు కొలిచి, రెండు చెంబులు గుండ్రంగా లేవని చెప్పి తిట్లు తిన్నవాణ్ణి. చిన్నాయనకు మౌలాలి అవతల నాలుగెకరాల జొన్నచేను ఉండేది. అడవిపందులు చేనుమీద పడి కంకి చేతికి రానివ్వడం లేదని, వాడిన తుపాకీ ఏదైనా దొరికితే కొనాలని ఆయన రెండేళ్లుగా అనుకుంటున్నాడు.

తుపాకీ మౌలాలిలోనే దొరికింది. గుట్ట దిగువన ఉండే ముసలాయన, రైలు పెట్టెలకు వడ్రంగం చేసి పదవీ విరమణ పొందినవాడు. మేమంతా తాత అని పిలిచేవాళ్లం, చిన్నాయన మాత్రం చాచా అనేవాడు. ఇంట్లో ఉర్దూ ఎంతో తెలుగూ అంతే మాట్లాడే కుటుంబం. వయసులో ఉండగా దొరల వెంట షికారుకు వెళ్లి, సీమకు తిరిగిపోతున్న ఒక దొర దగ్గర లైసెన్సు మీద కొనుక్కున్న తుపాకీ అది. దాని చెక్క ఎప్పుడో పగిలితే శీశం చెక్కతో కొత్తది ఆయనే చేసి బిగించాడు. అతుకు ఎక్కడుందో నా గోటికి కూడా తగలలేదు, అంత నున్నగా చేశాడు. ఇప్పుడు చూపు ఆనక అమ్ముతున్నానని అందరితో అనేవాడు. చిన్నాయనతో మాత్రం, “ఈ దినాలల్ల మా అసోంటోళ్ల ఇంట్ల తుపాకి ఉండుడు మంచిది గాదు బిడ్డా” అన్నాడట.

ఆయుధాలున్న ప్రతి ఇంటివాళ్లూ వాటిని ఠాణాలో అప్పగించారు కనుక ఆ తుపాకీ కూడా అక్కడే ఉంది. లైసెన్సు చిన్నాయన పేరుకు మారాలంటే అది సైన్యం తుపాకీ కాదని తేలాలి. ఠాణా అధికారి మద్రాసు రాష్ట్రం వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు, తాత లైసెన్సేమో ఉర్దూలో ఉంది. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇందులో ఏముందో నాకు తెలియదు, చెప్పేవాళ్లను నమ్మలేను. చెక్క చూస్తే కొత్తగా ఉంది. సైన్యం తుపాకీకి చెక్క కోసి షికారీ వేషం వేశారేమో నాకెలా తెలుస్తుందండీ? మర పని తెలిసినవాడి చేత రాయించుకురండి” అన్నాడు. మర పని తెలిసినవాడు మా ఇంట్లోనే ఉన్నాడని చిన్నాయన ఛాతీ విరుచుకుని చెప్పాడు. సైన్యం తుపాకీ అని తేలితే దాచినవాడు ఓడిపోయిన పక్షం వాడేనని వేరే విచారణ లేకుండానే నిర్ణయమైపోయే రోజులవి. తాత జైలుకు పోవలసిందే.

ఒక ఆదివారం ఠాణా వసారాలో కూర్చుని షికారీ తుపాకీని కొలిచాను. తాత ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుని, రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. లెక్క తప్పుతుందని చేయి ఎత్తి ఆపాను. మరుసటి ఆదివారం సైన్యం తుపాకీని నేరేడ్‌మెట్‌లో చూశాను. మా వదినగారి అన్న అక్కడి దండులో తుపాకులు బాగుచేసే హవల్దారు. పై అధికారిని అడిగి, తుపాకీ తన చేతిలోనే ఉంచుకుని నన్ను కొలవనిచ్చాడు.

రెండూ ఒకే తల్లి బిడ్డల్లా ఉన్నాయి. తూటాను గొట్టంలోకి నెట్టి మూసే బోల్టు ఒకటే, దాని తల ఒకటే, పేలిన గుల్లను లాగే కొక్కెం ఒకటే, స్ప్రింగు, ట్రిగ్గరు, వీటన్నిటినీ మోసే ఉక్కు చట్రం ఒకటే. ఇలా పదిహేడు వరసల్లో ‘సమానం’ అని రాశాను. తేడాలు నాలుగే. సైన్యం దానికి చెక్క గొట్టం మూతి దాకా ఉంటుంది, దీనికి సగం వరకే. దానికి బాయినెట్టు తగిలించే చోటుంది, దీనికి లేదు. దాని పెట్టెలో పది తూటాలు పడతాయి, దీనిలో ఐదు. నాలుగోది గొట్టం లోపలి కొలత: సైన్యం దానిది అంగుళంలో వెయ్యోవంతులు మూడు వందల మూడు, దీనిది మూడు వందల పదిహేను. పట్టిక తుపాకీ మడమ నుంచి మూతికి వరసగా సాగింది కనుక గొట్టం కొలత పంతొమ్మిదో వరసలో పడింది. తేడా గడిలో నిక్కచ్చిగా, పన్నెండు వెయ్యోవంతులు అని రాశాను. చివర, పాఠశాలలో నేర్పినట్లు మొత్తం కట్టాను: సమానం పదిహేడు, తేడా నాలుగు.

సోమవారం సగం రోజు సెలవు పెట్టి, పదిన్నరకు పట్టిక నకలు అధికారి చేతికిచ్చి, మంచి పని చేశానన్న తృప్తితో వర్క్‌షాపుకు వెళ్లిపోయాను. సాయంత్రం కూత కూశాక బయటికి వస్తే గేటు దగ్గర చిన్నాయన నిలబడి ఉన్నాడు. ఆయన నా మీద గొంతెత్తడం అదే మొదలు, అదే చివర.

“ఏం రాసినవ్‌రా నువ్వు? చాచాను పిలిపించి ఠాణాల కూసోబెట్టిన్రు!”

“ఉన్నదే రాసిన చిన్నాయనా.”

“ఉన్నది రాసినవో, ముసలోని పానం మీదికి తెచ్చినవో నాకెర్కలేదు. ఇరవై ఒకటిల పదిహేడు ఒక్కటేనట. చెక్క కోస్తరు, పెట్టె మారుస్తరు, ఇగ మిగిలింది వెంట్రుకమందం తేడానట. ఇది మిలిటరీదే అంటున్నడు సారు.”

ఆ రాత్రి నోటుబుక్కు తెరిచి ఇరవై ఒక్క వరసలూ మళ్లీ సరిచూశాను. పట్టికలో ఒక్క అంకె తప్పు లేదు. మంగళవారం తెల్లవారగానే సైకిలు మీద నేరేడ్‌మెట్ వెళ్లి వదినగారి అన్నకు పట్టిక చూపించాను. ఆయన మొదటి వరస నుంచి చదవలేదు, సరాసరి పంతొమ్మిదో వరసకు వెళ్లాడు. వెళ్లి నవ్వాడు. “తుపాకికి కులం గొట్టంల ఉంటదిరా పిచ్చోడా! బోల్టు జూసి, చట్రం జూసి జెప్తరా ఎవరన్న?” అన్నాడు. సైన్యం తూటా పట్టే గొట్టం పౌరుల దగ్గర ఉండకూడదని దొరల కాలం నుంచి నిబంధన అట. అందుకే కంపెనీవాళ్లు అదే బోల్టు, అదే చట్రం వాడి, తూటా మాత్రం గుండు లావు, గుల్ల పొట్టి అయిన వేరే కొలతది పెట్టి షికారీలకు అమ్మేవాళ్లట. ఆ పన్నెండు వెయ్యోవంతుల కోసమే ఆ తుపాకీ పుట్టిందన్నమాట. నేను దాన్ని బాయినెట్టు కొక్కేనికీ చెక్క పొడవుకూ సమానంగా ఒక గడిలో పడేశాను.

బుధవారం మధ్యాహ్నం ఆయన సెలవు చీటీతో, పై అధికారి అనుమతి కాగితంతో, కవాతులో నేర్పడానికి వాడే మందులేని సైన్యం తూటాలు రెండు జేబులో వేసుకుని మాతో ఠాణాకు వచ్చాడు. తాత అదే వసారాలో, అదే గోడకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం మాసింది, టోపీ మాత్రం తిన్నగానే ఉంది. వదినగారి అన్న ఏమీ వివరించలేదు. తుపాకీని అధికారి చేతికే ఇచ్చి, తూటా అందించి, పెట్టి చూడండి సార్ అన్నాడు. అధికారి తూటా లోపల పెట్టి బోల్టు నెట్టాడు. కొంత దూరం పోయి, పొడవైన గుల్ల లోపల తట్టుకుని ఆగింది. మళ్లీ నెట్టాడు. రెండో తూటాతో నెట్టాడు. అరచేత్తో కొట్టాడు. బోల్టు మూసుకోలేదు.

“ఇది పట్టదేమిటండీ?” అన్నాడు.

“పట్టదు సార్. పడితే గదా మిలిటరీది.”

అధికారి నా వైపు తిరిగాడు. “మరి ఈ ముక్క ముందే రాయొద్దటయ్యా?” అన్నాడు. ఆయన తప్పు లేదనను, కానీ ఆ ముక్క రాయనిది నేనే. మూడు గంటలకు తాతను పంపించేశారు.

మెట్లు దిగుతూ నా భుజం పట్టుకుని నడిచాడు. చూపు ఆనక పట్టుకున్నాడో, కావాలని పట్టుకున్నాడో తెలియదు. నేను క్షమించమనకముందే ఆయనే అన్నాడు: “ఇరవై ఒక్క చీజ్‌లు రాసినవ్ బిడ్డా, అన్ని ఖరారుగనే రాసినవ్. గా మిలిటరీ తూటా ఇందుల పోదని నాకు ముప్పై ఏండ్ల సంది ఎర్క. నన్ను జెర అడిగితే గాకపోవునా?” ఆ తర్వాత చిన్నాయన వైపు తిరిగి, “వీనికి పిల్లను జూసేటప్పుడు కాలిపరు ఇంట్ల పెట్టి రమ్మను” అన్నాడు. చిన్నాయన పగలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

లైసెన్సు చిన్నాయన పేరుకు మారింది. పందుల మీద ఆయన గురి ఎన్నడూ కుదరలేదు, చప్పుడుకే అవి పారిపోయేవి. తాత బతికున్నన్నాళ్లూ నెలకోసారి వచ్చి చెక్కకు నూనె రాసి, మా వదిన ఇచ్చిన చాయ్ తాగి వెళ్లేవాడు. ఇప్పుడు ఆ జొన్నచేను లేదు, అక్కడ వరసగా ఇళ్లు లేచాయి, పందుల సంగతి సరే, గుట్ట కూడా మేడల సందుల్లోంచి తొంగిచూడాల్సిందే. కొలిచే పరికరాలు నా చిన్నప్పటి కంటే ఎంతో సూక్ష్మంగా వచ్చాయి. ఎదురుగా కూర్చున్న మనిషిని అడిగే అలవాటు పెరిగిందో తరిగిందో నాకు తెలియదు. నా మట్టుకు నేను ఆ తర్వాత ఏ పట్టిక రాసినా, ఆ వస్తువు వాడినవాణ్ణి అడిగాకే కలం తీశాను.

తమ్ముడి దరఖాస్తులో గొట్టం కొలత మొదటి వరసలో రాయించాను. తర్వాత వాడు మళ్లీ ఆ ఎర్ర సిరా వరస చదవమన్నాడు. ఆ బుధవారం ఇంటికి వచ్చాక రాసుకున్నది అది. ఇరవై రెండు: తాత ఠాణాలో కూర్చున్న కాలం, సోమవారం పగలు పదకొండు నుంచి బుధవారం మధ్యాహ్నం మూడు దాకా. మొత్తం యాభై రెండు గంటలు.