పిన్ని స్వీడిష్ పాఠాలు

పర్చూరు పక్కన మా ఊళ్లో స్వీడిష్ నేర్చుకున్నవాళ్లం ఇద్దరమే. ఒకరు మా పిన్ని, రెండోదాన్ని నేను. పిన్ని పట్టుబట్టింది కాబట్టి నాకు తప్పలేదు. మాకు దొరికిన పుస్తకమేమో ఇంగ్లీషు వచ్చినవాళ్లకు స్వీడిష్ నేర్పడానికి రాసింది. పిన్నికి ఇంగ్లీషు రాదు. నేను బీఏ పూర్తిచేసి, టీచరు ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఇంట్లో ఖాళీగా కనిపించే ఆడపిల్ల అందరికీ లోకువే కదా. స్వీడిష్‌ని ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పే పని నా నెత్తిన పడింది.

పిన్ని అమ్మకు చెల్లెలు. పెళ్లయిన కొద్ది రోజులకే భర్త పోతే మా ఇంటికి వచ్చేసి, ఊరి చివరి మిషన్ ఆసుపత్రిలో పిల్లల వార్డులో ఆయాగా చేరింది. ఎనభైల మొదట్లో ఆ ఆసుపత్రికి స్వీడన్ నుంచి ఒక డాక్టరుగారూ ఆయన భార్యా వచ్చారు. ఆవిడ నర్సు. ఊళ్లో అందరూ దొరసానమ్మగారు అనేవాళ్లు. ఆవిడ తెలుగు చక్కగా మాట్లాడేది. ఎవరైనా వచ్చి పలకరిస్తే కూర్చోబెట్టి మరీ మాట్లాడేది. ఒక్క తప్పు మాత్రం ఉండేది. ఆవిడకు ‘మేము’ అనే మాట లేదు. అన్నిటికీ ‘మనం’ అనేది. “మనం భోంచేశాం, మీరు భోంచేశారా?” అని అడిగేది. “మన కుక్కకు జ్వరం వచ్చింది” అని చెప్పేది. విన్నవాళ్లు నవ్వుకునేవాళ్లే తప్ప ఎవరూ దిద్దలేదు. దిద్దాలని అనిపించలేదు కూడా. అంత తెల్లటి మనిషి మమ్మల్ని కూడా కలుపుకుని మాట్లాడుతుంటే చేదా మరి?

ఒక రోజు వార్డులో దుప్పట్లు మడతపెడుతుంటే ఆవిడ పిన్నితో అందట, “వచ్చే వేసవిలో మనం స్వీడన్ వెళ్తున్నాం” అని. పిన్ని ఆ సాయంత్రం ఇంటికి నడిచి రాలేదు, ఎగిరి వచ్చింది. వాకిట్లోంచే అమ్మను కేకేసి చెప్పింది. అమ్మ నోరు తెరుచుకుని వింది. నాన్న మాత్రం “దేనికి తీసుకెళ్తారంట?” అన్నాడు. “దేనికేంది బావా, అక్కడ ఆవిడకి సాయం ఉండొద్దూ!” అని పిన్ని ఆయన మీద లేచింది. మర్నాటికి వీధంతా తెలిసింది. కుక్క విషయంలో మాకు తెలిసిన తప్పు, ప్రయాణం విషయంలో ఒక్కరికీ గుర్తు రాలేదు. పిన్నికే కాదు, నాకూ రాలేదు. కావాలనుకున్న మాట వినపడితే దాన్ని పట్టి పట్టి చూసేదెవరు?

వెళ్లేలోగా భాష నేర్చుకుంటానని పిన్ని అడిగితే దొరసానమ్మగారు మురిసిపోయి ఆ పుస్తకం ఇచ్చింది. డ్యూటీ దిగి వచ్చాక, పొద్దు వాలే వేళ మా పాఠాలు. అది మిరపకాయల కాలం. మా ఇంటి వెనకే కల్లం, కాయలు ఎర్రగా పరిచి ఉండేవి. ‘ఏడు’ అనే అంకెకు స్వీడిష్‌లో ఒక మాట ఉంది, హ్వూ అని ఊదినట్టు పలకాలి. ఇంగ్లీషువాళ్ల నోటికి ఈ శబ్దం లొంగదంటూ పుస్తకం ఒక పేజీ అంతా ఓదార్చింది. పిన్నికి కల్లం వైపు నుంచి ఘాటు వచ్చి గొంతుకు తగిలింది. దగ్గబోయి ఆపుకుంది. “ఇదేనా?” అంది. అచ్చం అదే.

ఆ పుస్తకం రాసినాయన మీద నాకు జాలేసేది. తల్లి తల్లికి ఒక పేరు, తండ్రి తల్లికి ఒక పేరు, తల్లి చెల్లెలికి ఒకటి, తండ్రి అక్కకు ఒకటి ఎందుకుంటాయో ఇంగ్లీషువాళ్లకు నచ్చజెప్పడానికి నానా తంటాలూ పడ్డాడు. వాళ్లకు అందరూ ఆంటీలే. నేను ‘ముర్ముర్’ అని చదివాను. “మరమరాల్లాగా ఉందే, ఎవరే ఆవిడ?” అంది పిన్ని. అమ్మమ్మ అని చెప్పాను. ‘ఫస్తెర్’ అంటే మేనత్త, ‘ముస్తెర్’ అంటే పిన్ని. “మరి ఇందులో తెలీకపోయేదేముంది!” అని పిన్ని పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి నేను ఆమెను ముస్తెర్ అని పిలిచాను. పిలిచినప్పుడల్లా ముఖం వెలిగిపోయేది.

కోపం వచ్చిన రోజులూ ఉన్నాయి. ఆ భాషలో ప్రతి వస్తువుకూ ముందు ‘ఎన్’ అనో ‘ఎట్’ అనో ఉండాలి. కుర్చీకి ఎన్, బల్లకు ఎట్. ఎందుకంటే కారణం లేదు, బట్టీ పట్టమని పుస్తకం చెప్పింది. “ఏందే ఇది? రెండూ కొయ్యేగా, బల్ల చేసిన పాపమేంది?” అని పిన్ని పుస్తకం మీద కసిరింది. పైగా కుర్చీని ‘స్తూల్’ అంటారని తెలిసి, స్టూలుకూ కుర్చీకీ తేడా తెలియని దేశంలో ఎట్లా బతకాలని దిగులు పడింది. అయినా వదల్లేదు. పత్తి తీతకు పోయే ఆడవాళ్లు దారిలో ఆపి అడిగితే ఎన్, ఎట్‌లతో సహా అప్పజెప్పేది.

దొరికిన మాటలతో సొంత వాక్యాలు కట్టడం మొదలయ్యాక పిన్నికి ఒక అనుమానం వచ్చింది. అక్కడ ఎవరైనా మీరెక్కడివాళ్లని అడిగితే ‘మేము ఇండియా నుంచి వచ్చాం’ అని చెప్పాలి. పుస్తకంలో ఉన్నది ‘వీ’ ఒక్కటే. మనమైనా వీ, మేమైనా వీ. “అట్లంటే అడిగినాయన కూడా ఇండియావాడనుకోడూ?” అంది. ఇంగ్లీషులోనూ ఒకటేనని చెప్పాను. వినలేదు. “నీకు తెలవదు, పద, ఆవిడనే అడుగుదాం” అని లేచింది.

దొరసానమ్మగారు వరండాలో టీ తాగుతోంది. మమ్మల్ని కూర్చోమని, తమ భాషలో రెండో మాట లేదని చెప్పింది. రెండు మాటలెందుకని తనే ఎదురడిగింది. పిన్నికి హుషారు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని లేపింది. “ఇదీ నేనూ పర్చూరు పోతున్నామండీ. మీరు రారు. అప్పుడు మేము. మీరు కూడా వస్తారనుకోండి, అప్పుడు మనం” అంటూ ఆవిడ చెయ్యి కూడా పట్టుకుంది. దొరసానమ్మగారు కాసేపు ఆలోచించి చప్పట్లు కొట్టింది. “ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమండీ నాకు!” అంటూ నవ్వింది. మంచి విద్యార్థి కదా, వెంటనే అభ్యాసం మొదలుపెట్టింది.

“మేము భోంచేశాం. మా కుక్కకు జ్వరం వచ్చింది. వేసవిలో మేము స్వీడన్ వెళ్తున్నాం.” అని, పిన్ని ముఖంలోకి చూసి అడిగింది. “రైటేనా?”

పిన్ని చెయ్యి నా చేతిలోనే ఉంది. ఒక్కసారిగా బిగుసుకుంది. నాకు అర్థమైంది. నేను నోరు తెరవబోతే గోళ్లు దిగేలా నొక్కింది.

“రైటండీ. చాలా బాగా చెప్పారండీ” అంది.

టీ ఇస్తే తాగింది. ఏం జరిగిందో దొరసానమ్మగారికి ఆ రోజూ తెలియదు, వేసవిలో బండెక్కి వెళ్లిపోయిన రోజూ తెలియదు. పిన్నిని కావలించుకుని, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ వెళ్లింది. తీసుకెళ్లనిది ప్రేమ లేక కాదు. అందుకే ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు కుదరలేదు. పిన్ని అంత శ్రద్ధగా చదవకపోతే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఆ ‘మేము’ అనే మాట వినకుండా ఉంటే, ఆ చివరి రోజున ఏదో కారణం చెప్పుకునేది. డబ్బులు చాల్లేదనో, కాగితాలు రాలేదనో అనుకునేది. తన నోటితో తనే విడమరిచి చెప్పి, తనే బయట నిలబడింది.

వీధిలోవాళ్లు అడిగితే తనకే వెళ్లబుద్ధి కాలేదని చెప్పింది. పుస్తకం ముట్టలేదు. నేనొకసారి ముస్తెర్ అని పిలిస్తే, “పిన్నీ అనవే” అంది, మెల్లగానే.

ఆ ఎండాకాలం చర్చివాళ్లు లారీ మాట్లాడారు. పిన్ని వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నేను పరిగెత్తుకొచ్చి చెప్పాను, “పిన్నీ, ఆదివారం మనం చీరాల సముద్రానికి పోతున్నాం!”

తల ఎత్తింది. నవ్వులాటకేమో అనుకున్నాను, కాదు.

“మనమంటే? నేను కూడానా?”

“నువ్వు లేకుండా మనమేంటి పిన్నీ” అన్నాను. సరేనని తలూపింది. చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లి, అమ్మను కూడా అదే మాట అడిగింది.