జెండా పట్టుకున్నవాడి ముఖం

1968 ఆగస్టు 11, ఆదివారం. తార్నాక.

మా పక్కింటి డ్రాయింగ్ టీచరమ్మ గురువారం తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. మెట్టుగూడ నుంచి వచ్చి ఆమెకు తోడుగా ఉంటున్న మేనకోడలు మా గుమ్మంలో నిలబడి, "అవ్వా, మా అత్త లేస్తలేదు" అంది. వెళ్లి చూశాను. కాసేపటికి ఆమె కూర్చునే కిటికీ తెరిచాను. శుక్రవారం సమాధి చేశారు. వచ్చే శనివారం యూనివర్సిటీలో ఆమె రంగులు వేసిన బొమ్మ సైనికులు బల్ల ఎక్కాలి. వారిలో ఒకడికి ఇంకా ముఖం లేదు. అందుకే ఆలస్యం చేయకుండా ఇవాళే రాస్తున్నాను.

క్యాంపస్‌లో హిస్టరీ లెక్చరర్ ఒకాయన పెద్ద బల్ల మీద ఇసుక పోసి, వాగులూ కోటగోడలూ పెట్టి, పాత యుద్ధాలను విద్యార్థుల చేత ఆడిస్తారు. సీసపు బొమ్మలు ఆయనే పోత పోస్తారు. బొమ్మ చిటికెనవేలంత. చేతులు విడిగా, బియ్యపు గింజకన్నా కాస్త పెద్దగా ఉంటాయి. రిటైరయ్యాక టీచరమ్మ వాటికి రంగులు వేసే పని తీసుకున్నారు.

ఆమె పద్ధతి నాకు మొదటి రోజే నచ్చింది. చీపురుపుల్ల కొసకు మైనం అద్ది, దాని మీద ఒక్కో చేతిని నిలిపి, పుల్లలన్నీ ఒక సొరకాయకు గుచ్చేవారు. రంగు డబ్బా తెరిస్తే, ఆ రంగు పడాల్సినవన్నీ అయ్యాకే మూత. చివరి చెయ్యి ముగిసేసరికి మొదటిది ఆరి ఉండేది. నల్ల బూట్లు నాకు అప్పగించారు. ఒకసారి పుల్లలు తీసిన సొరకాయను మా కోడలు పప్పులోకని కత్తిపీట దగ్గరకు తెచ్చింది.

"ఆగు బిడ్డా, అది ఫౌజుల సోరకాయ. తింటే మీ అత్త ఇంకింత గట్టిగైతది" అన్నారు టీచరమ్మ.

చెయ్యి బొమ్మకు అతికే చోట మాత్రం రంగు తగలనిచ్చేవారు కాదు. లెక్చరర్ ఓసారి సాయం చేద్దామని చేతులను మొదలుకంటా రంగులో ముంచి తీశారు. జిగురు రంగును పట్టుకుందే గాని సీసాన్ని పట్టుకోలేదు. ఆట రోజు బల్ల కదలగానే చేతులన్నీ ఇసుకలో రాలాయి.

"సార్, ముందుగాల ఇసుక జల్లెడ పట్టుండ్రి. యుద్ధం రేపు చేద్దురు గని" అన్నారామె. ఆయన జల్లెడ తెప్పించారు.

మా ఇద్దరికీ పడనిది ముఖాల దగ్గరే.

"చేతులు వరసగా వేస్తావు, బూట్లు వరసగా వేయిస్తావు. ముఖాలు కూడా అట్లే వేసేస్తే రెండు పూటల్లో అయిపోతుంది కదమ్మా" అన్నాను.

"మొకాలు అట్ల కాదక్కా. మా తమ్ముడు ఫౌజుల పోయిండు, మళ్ల రాలే. వానిది ఒక్కటే ఫోటో ఉన్నది, గుంపుల దిగింది. అండ్ల అందరి మొకాలు ఒక్క తీరుగనే కనబడ్తయి. వాడెవడో ఇప్పటికీ తెల్వది నాకు."

నేను ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె ముక్కు మీదికి జారిన కళ్లజోడు పైనుంచి వీధిలో పోయేవారిని చూస్తూ, ఒక్కో బొమ్మకూ ఒక ముఖం ఇచ్చేవారు. మౌలాలి నుంచి వచ్చే పాలవాడి మీసం ఒక రౌతుకు పోయింది. లాలాపేట్ పోస్ట్‌మ్యాన్ చెంప మీది పుట్టుమచ్చ ఒక విలుకాడికి పోయింది.

బుధవారం సాయంత్రానికి జెండా పట్టుకునేవాడు ఒక్కడే మిగిలాడు.

"గీనికి నీ మొకమే అక్కా. నీ లెక్క నిలబడెటోళ్లు నా ఫౌజుల ఎవ్వరు లేరు."

"మీసం పెట్టావంటే ఊరుకోను."

"మీసం లేకున్నా భయపడ్తరు తియ్" అని బ్రష్ కడిగి పెట్టేశారు. వెలుతురు తగ్గింది, పొద్దున వేస్తానన్నారు.

నిన్న లెక్చరర్ వచ్చారు. "వెనక వరసలో పెట్టేద్దామండీ, ముఖం ఎవరు చూస్తారు" అన్నారు, నెమ్మదిగానే. నేను బొమ్మ ఇవ్వలేదు. ఆయన టీ తాగి వెళ్లారు. ఇక జరగవలసినవి:

1. పాత సొరకాయ మెత్తబడింది. మా కోడలు కొత్తది తెచ్చి పుల్లలు అందులోకి మార్చాలి. శనివారం దాకా అది వంటింట్లోకి రాకూడదు.

2. మేనకోడలు బ్రష్‌లు కిరసనాయిలుతో కడిగి తీసుకుపోవచ్చు. ముఖాలు వేసే సన్నది నా దగ్గర ఉంటుంది.

3. ముఖం ఆరాకే జెండా చెయ్యి అతకాలి. అతికే చోటును ఆమె ఒట్టి సీసంగానే వదిలారు. ఎవరూ వేలు పెట్టకూడదు.

4. లెక్చరర్ వాడిని ముందు వరసలో నిలపాలి.

5. రేపు పొద్దున ఆమె కిటికీ దగ్గర కూర్చుని ముఖం నేను వేస్తాను. నాది కాదు. ముక్కు మీదికి జారిన కళ్లజోడు, దాని పైనుంచి వీధిలోకి చూసే రెండు కళ్లు.