మోకాలి కింద దిండు

ఫిబ్రవరి రెండో సోమవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నన్ను ఇంటికి తెచ్చారు. గుంటూరు ఆసుపత్రిలో కుడి మోకాలి కీలు మార్చి అప్పటికి ఐదు రోజులు. కారు వెనక సీటులో కాలు చాపుకుని అడ్డంగా కూర్చున్నాను. మా ఊరి మలుపు తిరిగేదాకా దారిలోని ప్రతి గుంతా నాకు విడివిడిగా తెలిసింది. ఆసుపత్రిలో పడ్డ బాధను నేను లెక్కలోకి తీసుకోను. అక్కడ మత్తుమందు ఉంది, గంట నొక్కితే నర్సు వచ్చేది. అసలు కష్టం ఇంటి గడప దాటాక మొదలైంది.

పంపించే ముందు డాక్టరు మంచం పక్కన నిలబడి ఒక షరతు పెట్టాడు.

"ఆరో వారం రండి టీచరుగారూ. ఆ రోజుకి ఈ కాలు బల్లకి పూర్తిగా ఆనాలి. మోకాలి కింద నా చెయ్యి దూరకూడదు. ఆనితే జూన్‌లో ఎడమది చేసేద్దాం. ఆనకపోతే ఎడమది ముట్టుకోను. వంగిన కాలి మీద బరువు వేసి రెండోదాన్నుంచి కోలుకోవడం మీ వల్ల కాదు."

నా ఎడమ మోకాలు కుడిదానికన్నా మెరుగైనదేమీ కాదు. ముందు దేన్ని కోయాలో తేల్చడానికి ఆయనే రెండు ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. అందుకే నాకు జూన్ కావాలి. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. హైస్కూల్లో ఉద్యోగమంతా లెక్కలు చెప్పినదాన్ని. నూట ఎనభై డిగ్రీల కోణమంటే తిన్నని గీత అని బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో తెలియదు. ఇప్పుడు నా కాలే అలాంటి గీత కావాలి.

పద్ధతి చిన్నదే. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి. మోకాలి కింద ఏమీ ఉండకూడదు. అప్పుడు మోకాలు తన బరువుకి తానే మెల్లగా కిందికి దిగుతుంది. దిగుతున్నంతసేపూ తొడ వెనక నరాన్ని ఎవరో పిండుతున్నట్టు ఉంటుంది. పళ్ళు బిగించి పైన ఫ్యాను చూస్తూ ఉండాలి. అంతకుమించి విద్యేమీ లేదు.

నన్ను చూసుకోవడానికి మా ఆయన అక్క వచ్చింది. అద్దంకి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. నాకన్నా ఐదేళ్ళు పెద్ద, మనిషి గట్టిది. సంచి కింద పెట్టకుండానే హాల్లో ఉన్న నా మంచం దగ్గరికి వచ్చింది. కాలు చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఓసి నీ దుంప తెగ! కాలిని గాల్లో వేలాడేశారేంటే? చంపుకు తింటున్నారా నిన్ను?"

"అలాగే ఉండాలి వదినా. డాక్టరు చెప్పాడు."

"డాక్టరుకేం, కోసి పంపించాడు. నొప్పి ఆయనదా?"

అంటూనే నా తల కింద రెండు దిండ్లలో ఒకటి లాగి మోకాలి కింద దూర్చింది. నిజం చెప్పాలంటే నొప్పి వెంటనే తగ్గింది. అదే ఆ దిండుతో వచ్చిన చిక్కు.

వదిన చేసిన సేవకు వంక పెట్టలేను. నన్ను వాకర్ పట్టించి బాత్రూముకు నడిపించేది ఆమె. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కట్టు తడవకుండా కవరు చుట్టి నీళ్ళు పోసేది ఆమె. జడ అల్లేది ఆమె. మా ఆయన తెల్లారేసరికి మిరప కల్లానికి వెళ్ళిపోయేవాడు, కాయ కాపలాకు చాలా రాత్రులు అక్కడే పడుకునేవాడు. కాయ ఎండుతున్న రోజులు, మబ్బు పడితే పట్టాలు కప్పాలి, ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. కాబట్టి ఇరవై నాలుగు గంటలూ నేను వదిన చేతిలో ఉన్నాను. తువ్వాలు మడమ కింద పెట్టమంటే పెట్టేది. నాకు కన్ను మూతపడగానే తీసేసి దిండు మోకాలి కిందికి తెచ్చేది. లేచి చూస్తే కాలు హాయిగా గూడు కట్టుకుని ఉండేది.

తిండి సంగతీ అంతే. పప్పు లేదు, గుడ్డు లేదు, వంకాయ లేదు. రెండు పూటలా వెల్లుల్లి కారం, బీరకాయ కూర.

"పప్పు పెట్టు వదినా, కండ పట్టాలన్నారు."

"పప్పు తింటే కుట్లు చీము పడతాయి. ఆ మాత్రం తెలియకుండానే ఇంతదాన్నయ్యానా?"

రోజు విడిచి రోజు స్కూటీ మీద ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. పాతికేళ్ళుంటాయి. కోణమానినిలాంటి ప్లాస్టిక్ పరికరం నా మోకాలి పక్కన పెట్టి చూసి అంకె చెప్పేది. మొదటి వారం చివర పదిహేను డిగ్రీలు తక్కువ. రెండో వారం చివర పన్నెండు. నేను ముందే మనసులో లెక్క వేసుకున్నాను. ఈ లెక్కన తగ్గితే ఆరో వారానికి సున్నా అవుతుంది. మూడో వారం ఆ అమ్మాయి పరికరం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"పద్నాలుగు మేడమ్. వెనక్కి వెళ్ళాం. మోకాలి కింద ఏమన్నా పెడుతున్నారా?"

వదిన గుమ్మంలో నిలబడి బీరకాయ చెక్కు తీస్తోంది.

"నేనే పెడుతున్నా. ఏం? నిద్ర పోవద్దా పిల్ల?"

"పెట్టకూడదండీ మామ్మగారూ. కాలు అలాగే వంగి బిగుసుకుపోతుంది."

"నువ్వు పుట్టకముందు మా తమ్ముడు చావిడి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నెలన్నర దిండు మీద దిండు పెట్టి పసిబిడ్డలా చూశా. వేలు కదపనివ్వలా. ఇవాళ కల్లంలో గంతులేస్తున్నాడు, పోయి చూడు."

"అది ఎముక వదినా," అన్నాను. "కదలకుండా ఉంటేనే అతుకుతుంది. ఇది కీలు. కదపకపోతే బిగుసుకుంటుంది."

"ఎముక లేకుండా కీలెక్కడినుంచి వచ్చిందే? లెక్కలు చెప్పినంత మాత్రాన అన్నీ తెలుస్తాయా?"

ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు.

వదిన ఒక్కతే అయితే ఎలాగోలా నెగ్గుకొచ్చేదాన్ని. చూడటానికి వచ్చేవాళ్ళ సంగతి వేరు. మా సంఘంలో ఎవరైనా మంచాన పడితే వెళ్ళి ప్రార్థన చేయకపోవడం పెద్ద తప్పు. నేనూ ఇన్నేళ్ళూ అలాగే వెళ్ళాను. వాళ్ళు పది గంటలకు వచ్చేవాళ్ళు. సరిగ్గా నా కసరత్తు వేళ. మగవాళ్ళు గదిలో ఉంటే నైటీ మోకాలి పైకి ఎత్తుకోలేను. దుప్పటి కప్పుకుని, బ్రెడ్డు ప్యాకెట్లూ బత్తాయిలూ అందుకుంటూ, ఆపరేషన్ కథ మొదటినుంచి చెప్పేదాన్ని. పాట, ప్రార్థన, కాఫీ. పన్నెండు దాటేది. ఆ తరవాత వదిన భోజనం పెట్టేది, మాత్రకు నిద్ర వచ్చేది. పూట పోయేది.

ఒక మంగళవారం పాస్టరుగారు పదిమందితో వచ్చారు. అప్పుడే తువ్వాలు మడమ కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. స్త్రీల సమాజం పెద్దావిడ దుప్పటి కింద కాలు ఎత్తుగా ఉండటం చూసి తడిమింది.

"అయ్యో టీచరమ్మగారూ! మోకాలి కింద అంతా ఖాళీ! ఎవరూ చూడలేదా?"

"చెప్తే వింటేగా," అంది వదిన, తనకు సాక్షి దొరికినట్టు.

నేను వద్దని అనేలోపే పాస్టరుగారు, "పరలోకమందున్న మా తండ్రీ," అని మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆ పెద్దావిడ కళ్ళు మూసుకునే లోపల దిండు దోపేసింది. నా మోకాలు త్వరగా బాగుపడాలని పదకొండు మంది గట్టిగా ప్రార్థించారు. దిండు అలాగే ఉంది. ప్రార్థన మధ్యలో దిండు లాగి పారేసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు వాళ్ళు మూడు పాటలు పాడారు.

సాయంత్రం మా ఆయన రాగానే చెప్పాను. "ఇంట్లో దిండ్లన్నీ అటక మీద పడేయండి. ఒక్కటి కూడా కింద ఉండటానికి వీల్లేదు."

"పెద్దది, చేస్తోంది. నాలుగు రోజులు ఓర్చుకోరాదూ?"

"నాలుగు రోజులు కాదు. నాకు జూన్ పోతుంది."

ఆయన నిచ్చెన తెచ్చాడు. వదిన చూస్తూ నిలబడింది. ఆమెకూ తలకింద దిండు లేకుండా పోయింది కదా అని ఆ రాత్రి నాకు ఇబ్బందిగా అనిపించింది.

మర్నాటినుంచి ఆమె వరండాలో కూర్చుని, మా చేలో చివరిసారి తీసిన పత్తి గోతాంలోంచి దోసెడు దోసెడు తీసుకుని గింజలు వలుస్తూ కనిపించింది. తన తలకు దిండు కుట్టుకుంటోందనుకున్నాను. ఆ నాలుగు రోజులూ తువ్వాలు మడమ కింద బుద్ధిగా ఉంది. అమ్మాయి వచ్చి చూసి, "పదకొండు మేడమ్, వదలకండి," అంది. అప్పటికి నాలుగో వారం.

ఐదో రోజు మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి మోకాలి కింద ఏదో మెత్తగా ఉంది. వదిన పాత తెల్ల చీర చింపి కుట్టిన దిండు. తలకు పట్టేది కాదు. అడ్డం జానెడు, పొడవు మూరెడు, మధ్యలో లోతుగా, సరిగ్గా నా మోకాలి గుంతకు కొలిచి కుట్టినట్టు ఉంది. ఒక్క గింజ కూడా లేదు. నేను అన్ని వారాల్లో అంత నిద్ర పోలేదు.

"వదినా!" అని అరిచాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా కాలు వంకరగా ఉండిపోవాలనా నీ కోరిక? నువ్వు వచ్చింది నన్ను చూడటానికా, చెడగొట్టడానికా?"

ఆమె చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. "వంకరైతే ఏమైంది? బడికి పరిగెత్తాలా? నిద్రలో మూలుగుతుంటే నేను విని ఊరుకోవాలా? అది డాక్టరు వినడు. మీ ఆయన వినడు, కల్లంలో పడుకుంటాడు. నేను వింటున్నా."

అయినా దిండు తీసేయమన్నాను. తీసేసింది. రెండు రోజులు తీసే ఉంచింది. ఆ రెండు రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళు పోసింది, జడ అల్లింది, అంతా చేతులతోనే. మూడో రోజు నొప్పి ఎక్కువై నేనే, "ఒక్క గంట పెట్టు," అన్నాను. గంట అయ్యాక ఆమె తీయలేదు, నేను తీయమనలేదు. ఐదో వారమంతా అలా గడిచింది. అమ్మాయి పరికరం పెట్టి అంకె చెప్పకుండా సంచిలో వేసుకుంది. నేను అడగలేదు. నా జీవితంలో అంకె అడగకుండా వదిలింది అదొక్కటే.

మార్చి మూడో వారం వదినా నేనూ గుంటూరు వెళ్ళాం. మిర్చి యార్డు దారిలో ఘాటుకు డ్రైవరుతో కలిపి ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం. డాక్టరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తొడ మీద ఒక చెయ్యి ఆన్చి, రెండో చెయ్యి మోకాలి కింద పెట్టాడు. చెయ్యి దూరింది. వేళ్ళు మాత్రమే కాదు, అరచెయ్యి అంతా దూరింది.

"పది డిగ్రీలు ఉండిపోయింది టీచరుగారూ. వంగడం బాగానే వంగుతోంది. చాపడమే రాలేదు. కసరత్తు ఆపకండి, కొంత తగ్గచ్చు. పూర్తిగా తగ్గుతుందని నేను చెప్పను."

"ఎడమది?"

"జూన్ వద్దు. వానలు తగ్గాక, నవంబరులో చూద్దాం. చేద్దామనడం లేదు, చూద్దామంటున్నా."

బయట బెంచీ మీద వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది. "ఏమన్నాడే?"

"జూన్‌లో చేయడట. కాలు ఆనలేదు. నవంబరులో చూద్దామన్నాడు."

ఆమె వంగి నా చెప్పు పట్టీ సరిచేసింది. తరవాత, "అయితే నవంబరులో నేనే వస్తాలే," అంది. కారు వచ్చింది. ఎక్కడానికి ఆమె చెయ్యే పట్టుకోవాల్సి వచ్చింది.

పోయినవి ఇవి. కుడి మోకాలికి పది డిగ్రీలు. ఎడమ మోకాలికి ఐదు నెలలు, అదీ నవంబరులో ఒప్పుకుంటే. కుడి తొడ చుట్టుకొలతలో ఒకటిన్నర అంగుళం, నా టేపుతో నేనే కొలిచాను. వదినతో మాటలు రెండు రోజులు.