కీడు కాదు, కీడా

మా కోడలికి నా దోమతెర మీద కోపం. ఈ హిందీ ఊళ్ళో, మోప్కా పేటలో కొత్తగా కొన్న ఫ్లాటు, మూడో అంతస్తు, కిటికీలన్నిటికీ జాలీలు, గోడకి ఏసీ. ఆ గది రంగులకి తగ్గట్టు కర్టెన్లు ఎంచుకోవడానికి పాపం నెలరోజులు తిరిగింది. అంత సింగారం మధ్య నా మంచానికి నాలుగు కర్రలు కట్టి, పాతకాలపు తెల్ల దోమతెర వేలాడదీస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నిన్న పక్కలు వేసే వేళ వచ్చి, "అత్తయ్యా, మూడో ఫ్లోర్‌లో మచ్ఛర్ కహాఁ హై? ఈ మచ్ఛర్‌దానీ తీసేద్దామా, ప్లీజ్?" అంది. ఆ పిల్ల తెలుగు ఎప్పుడూ అంతే, రెండడుగులు నడిచి హిందీ బండెక్కేస్తుంది. దోమల కోసం కాదమ్మా అన్నాను. మరి దేనికి అంది. నాకు అరవై దాటాయి, బడిలో పిల్లలకి సైన్సు చెప్పి రిటైరయ్యాను, అయినా దీపాలు పెట్టాక ఆ పేరు నా నోటికి రాదు. "చెప్తాలే పగలు" అని, తెర అంచులు పరుపు కిందకి చుట్టూ దోపుకుని పడుకున్నాను. పగలయింది కాబట్టి చెప్తున్నాను.

ఈ అలవాటు పెట్టింది మా మేనత్త. మా నాన్న చెల్లెలు, రైల్వే ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేకపోయింది. గంజి పెట్టిన తెల్లచీరతో నడిచొస్తుంటే చీర ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేది. నాన్న పోయాక అమ్మా, రిటైరయ్యాక అత్తా, ఇద్దరూ మా దగ్గరే ఉండేవారు. క్వార్టర్ మావారి పేరు మీద, రాజ్యం వాళ్ళిద్దరిదీ. మావారు రైల్వే షెడ్ డ్యూటీ నుంచి వచ్చేసరికి వదినామరదళ్ళు ఏదో ఒకదాని మీద వాదించుకుంటూ ఉండేవారు. అమ్మ దిష్టి అంటే అత్త డీహైడ్రేషన్ అనేది. చివరికి జబ్బుపడ్డవాడికి రెండు వైద్యాలూ జరిగేవి. ఎండుమిరపకాయల పొగకి దగ్గుతూ ఓ.ఆర్.ఎస్. తాగని వాళ్ళు మా ఇంట్లో లేరు.

మా రైల్వే కాలనీ వాళ్ళకి జబ్బు చెయ్యడం పెద్ద ముచ్చటేం కాదు. కార్డు పట్టుకుని రోడ్డు దాటితే ఆసుపత్రి, వరండాలో తెలిసినవాళ్ళతో కబుర్లు, ఇంటికొచ్చి మందు మింగడం. మా ఇంట్లో పనిచేసే ఆమెకి ఇదంతా వింతగా ఉండేది. మేము బాయి అని పిలిచేవాళ్ళం, ఇక్కడ పనామెని అందరూ అలాగే అంటారు. ఆమెది మస్తూరీ దాటి ఇంకా లోపలికి ఉన్న ఊరు. ఊరికీ రోడ్డుకీ మధ్య ఒక నాలా, అంటే వాగన్నమాట. ఎండాకాలం దాంట్లో మేకలు తిరుగుతాయి, వానల్లో ఎవరూ తిరగరు. "మీకు జొరం వస్తే మందు చూసుకుంటారు దీదీ, మాకు వస్తే ముందు నాలా చూసుకుంటాం" అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఆమె ఏం చెప్పినా నవ్వు వచ్చేలా చెప్పేది, అదే చిక్కు.

అది వరినాట్ల కాలం. బాయి శనివారం ఊరెళ్ళి, నాట్లు వేసి, సోమవారం పొద్దున్నే తిరిగొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మతో మాట్లాడుతోంది. నేను బడికి తయారవుతూ గదిలోంచి ఆ గొంతు విన్నాను. అది బాయి గొంతే, కానీ ముక్కులోంచి వస్తోంది, తాగినవాళ్ళలా మాట చివర సాగుతోంది. బయటికొచ్చి చూస్తే ఆమె తల వెనక్కి వాల్చి, రెప్పల కిందినుంచి మమ్మల్ని చూస్తోంది. రెప్పలు సగానికి దిగిపోయి ఉన్నాయి. ఎత్తడానికి కనుబొమలతో కష్టపడుతోంది, అవి రావడం లేదు. ఆ ముఖంలో నవ్వులాంటిదేదో ఉంది, అది ఆమె నవ్వుతున్న నవ్వు కాదు. పట్టపగలు, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"రాత్ కే కోనో కీడా కాట్ దిస్" అంది బాయి. రాత్రి ఏదో కీడా కుట్టిందట. పొద్దున్నుంచి కడుపులో నొప్పి, మింగుడు పడటం లేదు.

అమ్మకి ఇన్నేళ్ళయినా హిందీ తన చెవికి తోచినట్టే వినిపిస్తుంది. "ఓలమ్మో, కీడు తగిలిందంటంది! నాట్లకాడ ఏటి తొక్కిందో ఏటో!" అంటూ ఉప్పూ మిరపకాయలకి పరిగెత్తింది.

అత్త పెరట్లో బట్టలు ఆరేస్తోంది. అక్కడినుంచే విసుక్కుంది. "కీడు కాదు వదినా, కీడా! కీడా అంటే ఏటి? పురుగు. పురుగు ముట్టిందంట."

ఆ మాట అన్నాక అత్త ఆగిపోయింది. చేతిలోని దుప్పటి తీగ మీద సగమే పడింది. అమ్మ కూడా మిరపకాయల డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు, వాళ్ళిద్దరికీ ఒకేసారి అయింది. శ్రీకాకుళం వైపు మా ఊళ్ళో పామని ఎవరూ అనరు. అంటే వస్తుందని భయం. పురుగు అంటారు. కుట్టిందనీ, కరిచిందనీ కూడా అనరు, ముట్టింది అంటారు. హిందీలో ఉన్నంతసేపూ అది చీమో దోమో అన్నట్టుంది. మా తెలుగులోకి వచ్చేసరికి అది పడగ విప్పింది. బాయి ఊళ్ళో వాళ్ళకీ అదే భయమని, దానికి వాళ్ళు కూడా అదే మారుపేరు పెట్టుకున్నారని మాకప్పుడే తెలిసింది.

అత్త తడిచేతులతోనే వచ్చి బాయి రెప్పలు ఎత్తి చూసింది. "కట్లపాము" అంది, ఆ పేరు తప్పించకుండా. నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వెచ్చదనం కోసం వస్తుందట. అది ముట్టినా నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. పొద్దున్నకి కడుపునొప్పి, తర్వాత రెప్పలు, తర్వాత మాట, తర్వాత ఊపిరి. ఇదంతా అత్త ఆటోలో బాయి తల ఒళ్ళో పెట్టుకుని నాకు చెప్పింది. మధ్యలో ఒక్కటే ప్రశ్న బాయిని అడిగింది. "రాత్రి నీ పక్కన ఎవరు పడుకున్నారు?"

బాయి పెదవులు కూడదీసుకుని, "దేరానీ" అంది. తోటికోడలు. ఇద్దరూ ఒకే చాప. పొద్దున బాయి బయల్దేరేటప్పుడు ఆ అమ్మాయికీ కడుపునొప్పే, కాసేపు పడుకో అని చెప్పి వచ్చింది. తను దాటేటప్పుడు నాలా మోకాలి లోతే.

బాయికి రైల్వే కార్డు లేదు, అందుకే టౌన్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. చేరేసరికి ఆమె మెడ నిలవడం లేదు. అక్కడి కుర్ర డాక్టరుకి అత్త హిందీలో కీడా అనలేదు, సాంప్ అంది. అతను రెప్పలు చూసి మరో మాట అడగకుండా మందు ఎక్కించాడు, ఊపిరికి మిషన్ పెట్టించాడు. ఆటో ఎక్కితే ఆసుపత్రి ఉండే ఊరు కనుక అదంతా అయింది. ఒక మనిషిని పోకుండా పట్టుకుని ఆపడానికి కావలసినవన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి.

అత్త వరండాలోకొచ్చి బాయి మొగుడికి ఫోను కలిపింది. అతను ఊళ్ళోనే ఉన్నాడు. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. బాయి పడ్డ సంగతి చెప్పి, పక్కన పడుకున్న అమ్మాయిని కూడా వెంటనే తీసుకురమ్మంది. అతను ఏదో అన్నాడు. ఆ అమ్మాయికి అప్పటికే రెప్పలు వాలిపోయాయట, మాట రావడం లేదట. పైన ఎక్కడో రాత్రంతా కురిసిన వాన అప్పుడే నాలాకి వచ్చిందట. 108 బండి రోడ్డు వైపు ఒడ్డున వచ్చి నిలబడింది, ఊరి వైపు ఒడ్డున మంచం మీద ఆ అమ్మాయి ఉంది, మధ్యలో మనిషి లోతు నీళ్ళు. ఈలోగా బైగా, అంటే మంత్రం వేసే ఊరి వైద్యుడు, వచ్చి కూర్చున్నాడు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పొయ్యకండి అని అత్త అరుస్తోంది. ఫోనులో జనం గోల, ఆ గోల పైన ఎవరో ముసలామె గొంతు మాత్రం నాకు స్పష్టంగా వినబడింది. "పానీ ఉతరహీ... పానీ ఉతరహీ..." నీళ్ళు దిగుతాయి, దిగుతాయి అంటోంది. ఓదారుస్తోందో, మంత్రంలా చదువుతోందో తెలియలేదు. లైను తెగిపోయింది.

నీళ్ళు సాయంత్రానికి దిగాయి. ఆలోపే ఆ అమ్మాయిని మట్టి చేసేశారు.

బాయి కొన్ని రోజులు మిషన్ మీద ఉంది. చూస్తే భయం వేసేది. చెయ్యి ఎత్తితే ఎత్తిన చెయ్యి పడిపోయేది. రెప్పల మధ్య సన్నటి సందులోంచి నల్లగుడ్డు కనబడేది, అది దేన్నీ చూడదు. పక్క మంచం తాలూకు ఒకావిడ నాతో గుసగుసగా, "అయిపోయింది బెహన్‌జీ, ఊపిరి మిషన్‌ది" అంది. అత్త ఆవిణ్ణి ఎంత మాట అందంటే మళ్ళీ ఆవిడ మా వైపు తిరగలేదు. అప్పట్నుంచి అత్త కుర్చీ బాయి చెవి దగ్గరికి లాక్కుని కబుర్లు మొదలుపెట్టింది. ఏం కబుర్లని? మా ఇంటి పనికిమాలిన కబుర్లన్నీ. నేను బడికి రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులు వేసుకెళ్ళడం, ఆ సోమవారం కంగారులో మా అమ్మ పప్పు మాడ్చి గిన్నె పెరట్లో దాచడం. శవంతో మాట్లాడుతున్నట్టుండేది నాకు. చూడలేక కిటికీ దగ్గరికెళ్ళి నిలబడేదాన్ని.

ఒకరోజు పొద్దున్న రెప్పలు లేచాయి. గొంతులో గొట్టం తీసిన తర్వాత, గరగరమనే గొంతుతో బాయి అన్న మొదటి మాట, "గిన్నె తోమారా?"

మేము పడీ పడీ నవ్వాం. అత్త కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. మర్నాడు మాట ఇంకాస్త తేరుకున్నాక చెప్పింది, బాయి మొత్తం విన్నది. ఆటో హారన్ విన్నది, డాక్టరు అడుగులు విన్నది, "అయిపోయింది" అన్న మాట కూడా విన్నది. లేదు లేదు, ఉన్నాను అని లోపల అరిచిందట. వేలు కూడా కదల్లేదట. చెప్తూ చెప్తూ ఆమె ఆగింది. ముగ్గురమూ ఒకే ఆలోచన దగ్గరికి వచ్చి నిలబడ్డామని నాకు తెలిసింది. అప్పటికి తోటికోడలి సంగతి, నాలా ఒడ్డున ముసలామె అన్న మాటతో సహా, ఆమెకి మొగుడు చెప్పాడు.

"దీదీ, అయితే అది కూడా..." అంది అత్తని చూస్తూ.

ఒకే చాప. ఒకే విషం. నాలా ఒడ్డున మంచం మీద, రెప్పలు వాలి, వేలు కదలక, చుట్టూ ఊరంతా మాట్లాడుతుండగా.

మా అత్త రోగులతో అబద్ధమాడదు. ఎంత కఠినమైన సంగతైనా మొహం మీదే చెప్పే మనిషి. ఆ రోజు మాత్రం చాలాసేపు దుప్పటి సర్దింది. "ఊపిరి ఆగాక ఎక్కువసేపు ఉండదమ్మా" అంది చివరికి. ఊపిరి ఆగేవరకూ సంగతి ఆమె చెప్పలేదు, బాయి అడగలేదు. కాసేపటికి బాయే తనలో తను అనుకున్నట్టు అంది. "నేను లేస్తూనే అది అడిగింది, అక్కా ఏదో కుట్టిందా అని. కీడా అన్నాను. ఆ పేరు పలికితే నిజంగా అదే అవుతుందని అనలేదు." తర్వాత గోడవైపు తిరిగింది. "పానీ ఉతరహీ అంటుంటే విన్నదన్నమాట. దిగేదాకా విని ఉండదు."

నాకు ఆ మాట ఇప్పటికీ ఒంట్లో ఉంది. నేను దయ్యాల్ని నమ్మను. కానీ బతికున్న మనిషి కదలని ఒంట్లో కూర్చుని, నీళ్ళు దిగుతాయన్న మాట పట్టుకుని ఎదురుచూడటం, ఇంతకంటే భయంకరమైనది నేనెక్కడా వినలేదు.

అత్త ఆ వారమే ఇంట్లో అందరికీ దోమతెరలు కొంది, బాయి ఊళ్ళో ఇంటింటికీ తిరిగి పరుపు కిందకి, చాప కిందకి ఎలా దోపాలో చూపించింది. ఏ పేరుతో పిలుచుకున్నా సరే, ఆసుపత్రికి వచ్చినప్పుడు మాత్రం పామనే చెప్పండని తిట్టి మరీ చెప్పింది. ఇప్పుడు అత్త లేదు. ఆమె పోయినరోజు డాక్టరు తల అడ్డంగా ఊపాక కూడా నేను చెవి దగ్గర కూర్చుని, అమ్మ మాడ్చిన పప్పు కథ మొదటినుంచీ చెప్పాను. చుట్టాలు నాకు మతి పోయిందనుకున్నారు.

నాలా మీద వంతెన కట్టి కొన్నేళ్ళయింది. కిందటి వానాకాలం బాయి మనవరాలి పెళ్ళికి కారులో వెళ్ళాం. వంతెన మీదకి రాగానే బాయి కారు ఆపించి, దిగి, పిట్టగోడ పట్టుకుని కిందికి వంగింది. ఎర్రనీళ్ళు హోరుమని పోతున్నాయి. ఆ హోరులోకి, పక్క గదిలో మనిషిని పిలిచినంత మామూలుగా, "పానీ ఉతర్ గే హే, బహినీ" అంది. నీళ్ళు దిగాయి చెల్లీ అని. ఎప్పుడు దాటినా చెప్తుందట. కాసేపు చెవి ఒగ్గి నిలబడి, వచ్చి కూర్చుంది. కారు కదిలింది. నేను పీల్చిన ఊపిరి వదిలేలోపే అవతలి ఒడ్డు వచ్చేసింది. ఆ తోటికోడలు పిల్లకి ఆ రోజు కావలసిన కాలం ఇంతే.