రెక్కల సవతి

పక్షుల చెరువులో పడవ నడిపే ఆయనకు ఇద్దరు పెళ్ళాలు. రెండో ఆవిడకు రెక్కలున్నాయి. సరే, పెళ్ళాం అనడం కొంచెం ఎక్కువే. రెక్కలు మాత్రం నిజం.

అసలు భార్య గేటు దగ్గర టికెట్లు ఇస్తుంది. కిటికీ వెనక కూర్చునే మనిషికి ముఖాలు గుర్తుంటాయి. ఒకసారి చూసిన చెరువు మళ్ళీ చూడ్డానికి ఎవరొస్తారు? ఎక్కడి కొంగలు అక్కడే. కానీ తన మొగుడి పడవెక్కినవాళ్ళు మాత్రం ఏడాది తిరక్కుండా మళ్ళీ గేటు దగ్గర దిగుతున్నారు. అందులో ఒక బ్యాంకావిడ, పక్క పడవ ఖాళీగా ఉన్నా ఎక్కదు. "ఆయన వచ్చాకే వెళ్తాలెండి" అంటుంది. ఆ 'ఆయన' అన్న తీరు టికెట్టావిడ చెవిలో గుచ్చుకుంది.

ఒక సాయంత్రం పెరటి మెట్ల మీద మొగుడు ఫోన్లో గుసగుసలాడుతున్నాడు.

"నిన్ననే వచ్చిందండీ. కాస్త చిక్కింది. ఒంటరిగా కాదు, ఎవణ్ణో వెంటేసుకొచ్చింది. మీరొచ్చి ఒకసారి చూసిపోవాలి."

"ఎవరొచ్చింది?" అంది భార్య.

"కొంగ."

"కొంగ చిక్కిందని ఫోన్లు చేస్తారా ఎవరన్నా?"

"చెయ్యకపోతే వాళ్ళు బాధపడతారే."

ఇంత అడ్డగోలు అబద్ధం ఆవిడ తన కాపురంలో వినలేదు. ఆదివారం కిటికీ చెల్లెలికి అప్పజెప్పి, పిలవని పేరంటంలా పడవెక్కి కూర్చుంది. ముందు బల్ల మీద బ్యాంకావిడ. పక్కన, ఇదివరకు రెండుసార్లు వచ్చిపోయిన రిటైరైన లెక్కల మాస్టారు. భార్య కళ్ళు బ్యాంకావిడ వీపు మీదనుంచి కదల్లేదు.

రెల్లు దాటగానే ఒక వంకరకాలు కొంగ కనిపించింది.

"అదిగో మా కోడలు" అంది బ్యాంకావిడ.

"కోడలేమిటమ్మా? అది మా అమ్మాయి. ఈయనే చెప్పాడు" అన్నాడు మాస్టారు.

తెడ్డు ఆగింది. ఇద్దరూ వెనక్కి తిరిగి పడవాయన్ను చూశారు. భార్యకు గుట్టు తెలిసిపోయింది. ఒకే కొంగను వచ్చినవాళ్ళకల్లా బంధువుగా అంటగట్టి, దాని క్షేమసమాచారాలు చెబుతూ మళ్ళీ మళ్ళీ రప్పిస్తున్నాడు.

పడవాయన రెప్ప వెయ్యలేదు.

"రెండూ నిజమేనండీ. మాస్టారి అమ్మాయిని చేసుకుంది మీ అబ్బాయే. ఆ పక్కన నించున్నాడు చూడండి. అంటే మీరిద్దరూ వియ్యాలవారు."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "అబ్బాయి ఏం చేస్తుంటాడు?"

"చేపలు పడతాడండీ."

"మా పిల్ల చిక్కిపోయిందమ్మా. మీ ఇంట్లో సరిగ్గా తిండి పెడుతున్నట్టు లేదు."

"కాలు వంకరని మాకు ముందే చెప్పలేదేం మరి?" అంది బ్యాంకావిడ.

ఒడ్డు చేరేలోపే ఇద్దరూ మళ్ళీ ఏ నెలలో రావాలో తేల్చుకున్నారు.

సవతి లేదని తేలాక భార్య అనుమానం తగ్గాలి. తగ్గకపోగా ముదిరింది. కళ్ళార్పకుండా పరాయివాళ్ళకే అంత అందంగా అల్లినవాడు, ఇన్నేళ్ళుగా తనకేం అల్లి చెప్పాడో. పడవను గుంజకు కడుతున్నవాణ్ణి నిలేసింది.

"ఇలాంటివి నాకెన్ని చెప్పావు?"

"ఎలాంటివి?"

"కోడలు, వియ్యం, చేపలు పట్టే అల్లుడు."

"కోడలేమిటి, వియ్యమేమిటి? నేనెవరికీ ఏమీ చెప్పలేదు. అసలు ఇవాళ పడవే తియ్యలేదు" అన్నాడు, నీళ్ళు కారుతున్న తెడ్డు భుజాన వేసుకుంటూ.