నీళ్లు తాగని డ్యూటీ

భూపాలపల్లి నుంచి కాటారం వెళ్లే బస్సులో నేను పదకొండేళ్లుగా కండక్టర్ని. పొద్దున డ్యూటీ ఎక్కితే మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టేదాన్ని కాదు. తాగితే మళ్లీ బాత్రూమ్‌కు వెళ్లాలి, దారిలో ఆడదానికి చోటేది? రాను రాను దాహం వేయడమే మానేసింది.

పోయిన ఎండాకాలం ఒకరోజు టికెట్లు కొడుతుంటే ఎడమ నడుములో పోటు మొదలైంది. రెండు స్టాపులు దాటేసరికి పొత్తికడుపులోకి దిగింది, వాంతయింది. డ్రైవరన్న బస్సును నేరుగా దవాఖాన ముందు ఆపాడు. స్కానింగ్‌లో కిడ్నీలో రాయి కనిపించింది, శనగగింజంత.

వాళ్లు హనుమకొండకు పంపారు. అక్కడి డాక్టరు కోత అక్కర్లేదన్నాడు. బయటి నుంచే తరంగాలు పంపి రాయిని పొడి చేస్తారట. రేగొండలో మిరపకాయలు ఏరే కూలి మానుకుని నాకు తోడొచ్చిన మా అక్క నమ్మలేదు.

"కొయ్యకుండ రాయి ఎట్ల పలుగుతది సారూ?" అని అడిగింది.

మెత్తటి ఒంట్లోంచి ఆ దెబ్బ సాగిపోతుందని, గట్టి రాయి మాత్రం దానికి పగులుతుందని ఆయన ఓపిగ్గా చెప్పాడు.

బల్ల మీద పడుకోబెట్టి, నీళ్లు నింపిన మెత్తటి తిత్తిలాంటిది నడుముకు ఆనించారు. టక్, టక్‌మని ముప్పావుగంట సేపు కొట్టింది. వేలి మొటికతో ఒకేచోట పొడిచినట్టుంది. కదలొద్దన్నారు. పగటిపూట అంతసేపు పడుకుని ఎన్నేళ్లయిందో అనుకున్నాను.

రెండు రోజులు మూత్రం ఎర్రగా పోయింది. వడకట్టి చూడమన్నారని అక్క కొత్త టీ జాలి కొనుక్కొచ్చింది. నాలుగోనాడు అందులో ఇసుక రేణువులు మిగిలాయి. నెల తర్వాత చూస్తే ఒక ముక్క ఇంకా ఉందన్నారు. మళ్లీ బల్ల ఎక్కాను. రెండోసారికి అదీ పోయింది.

రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమన్నాడు డాక్టరు. అక్క అంది:

"తాగితే ఏడికి పోవాలె సారూ? పొద్దంత బస్సులనే ఉంటది."

ఆయన చీటీలో మూడు లీటర్లు అన్నచోట గీత గీసి నా చేతికిచ్చాడు.

డ్యూటీలో చేరిన రోజే, కాటారంలో బస్సు ఆగే చోటుకు ఎదురుగా ఇంట్లోనే బట్టలు కుట్టే ఒక ముస్లిం పెద్దామెను బాత్రూమ్ వాడుకోవచ్చా అని మొహమాటంగా అడిగాను. ఆమె మిషన్ ఆపకుండానే, "గిందుల అడిగేదేముంది బిడ్డా, ఎనుక ఉంది, పో" అంది.

అప్పటినుంచి రోజూ పోయి వస్తున్నాను. తిరిగొచ్చేసరికి ఇంజన్ ఆన్ చేసి ఉంటుంది. ఎంతసేపని ప్రయాణికుల్లో ఎవరో ఒకరు విసుక్కుంటారు. టికెట్లు కొట్టుకుంటూ ముందుకు నడుస్తాను.