అక్క పెన్‌డ్రైవ్ మీద పడ్డ నింద

నిన్న పొద్దున పెన్‌డ్రైవ్‌లోని ఒక ఫైలు తెరవబోతే, ఈ కొత్త కంప్యూటర్ ఇది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరిచ్చారు, నమ్మమంటావా అని మూడుసార్లు అడిగింది. పిల్లనిచ్చే ముందు మా మామగారు కూడా ఇన్ని ఆరాలు తీయలేదని విసుక్కుంటూ సరే అని నొక్కబోయి ఆగిపోయాను. ఇదే ప్రశ్న ఏళ్ళ కిందట మా అక్క అడిగితే ఆమె మీద కూడా ఇట్లాగే విసుక్కున్నాను.

పెన్‌డ్రైవ్‌లు కొత్తగా చేతికొచ్చిన రోజులవి. కోదాడలో నాకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం, సూర్యాపేటలో అక్కకు డీటీపీ సెంటర్ ఉండేవి. పెళ్ళివాళ్ళు కార్డు మ్యాటర్ అక్క దగ్గర టైపు చేయించుకుని, అచ్చుకు మాత్రం పెన్‌డ్రైవ్‌లో కోదాడ ప్రెస్సుకో మిర్యాలగూడ ప్రెస్సుకో పట్టుకెళ్ళడం అప్పటి అలవాటు. అక్కా, ఆ ప్రెస్సులవాళ్ళూ అందరూ వాడింది నేను రాసిన తెలుగు టైపింగ్ ప్రోగ్రామే కాబట్టి నాకు కాస్త పొగరు కూడా ఎక్కింది. అందులో ఒత్తులూ గుణింతాలూ కూర్చే పని పక్కనే ఉండే ఒక చిన్న ఫైలుది; అటువంటిదాన్ని మా వృత్తిలో లైబ్రరీ అంటారు. ప్రెస్సులో ఆ లైబ్రరీ పాతదైతే ఒత్తులు ఎగిరిపోయేవి, వాళ్ళు ఫోన్లు చేసి నా ప్రాణం తోడేసేవారు. ఆ పోరు పడలేక, మ్యాటర్‌తోపాటు లైబ్రరీని కూడా ఒకే ఫోల్డర్‌లో పెట్టి పంపమని అందరికీ చెప్పాను, ప్రోగ్రామ్ కూడా ముందు ఆ ఫోల్డర్‌లోనే వెతికేలా రాశాను. పేరు కలిస్తే చాలు, ఇంకేమీ అడగకుండా రానిచ్చేది.

అక్క చదివింది ఇంటరే. అయినా వినగానే, "పేరు సూసి రానిస్తే ఎట్ల తమ్మీ? గదే పేరు పెట్టుకొని ఇంకోడు రాడా?" అన్నది. ప్రోగ్రాములు రాసేది నువ్వా నేనా అని కసిరాను.

మాఘమాసం లగ్గాల వేళ, తప్పులు దిద్దడానికి ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, అక్క ఎప్పటిలాగే మ్యాటర్ తెరిచింది. దారిలో ఏ కంప్యూటర్‌లోనో ఎక్కిన వైరస్ మా లైబ్రరీ పేరే పెట్టుకుని ఆ ఫోల్డర్‌లో కూర్చుంది. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు నా ప్రోగ్రామే దాన్ని పిలిచి పీట వేసింది. గంటలో అక్క కంప్యూటర్‌లోని ఆ సీజన్ మ్యాటర్ అంతా మాయమైంది. అక్క ప్రూఫు కాగితాలు ముందేసుకుని రెండు రోజులు మళ్ళీ టైపు చేసి కార్డులన్నీ వేళకే అందేలా చేసింది గానీ, పేరు మాత్రం పోయింది. సంగతి పాకి, ఆమె పెన్‌డ్రైవ్ అంటేనే రోగమని ప్రెస్సులవాళ్ళు ముట్టుకోవడం మానేశారు, పెళ్ళివాళ్ళు వేరే సెంటర్లు చూసుకున్నారు.

తప్పు ఎక్కడుందో నాకు తెలియడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోంచి తప్ప ఇంకెక్కడినుంచీ లైబ్రరీని తీసుకోకుండా పూర్తి చిరునామా రాశాను, అది నేనిచ్చిన ఫైలేనా అని కూడా చూసుకునేలా చేశాను. నాలుగు వరుసల పని, మొదటే చేసి ఉండాల్సిన పని! కొత్త కాపీ మూడు ఊళ్ళలో పంచుతూ వైరస్సులు పెరిగాయన్నానే గానీ, తలుపు తెరిచి పెట్టింది నేనేనని ఎక్కడా నోరు విప్పలేదు. నా తప్పు లేదని జర నువ్వన్నా చెప్పు తమ్మీ అని అక్క బతిమాలింది. చెబుతాలే అన్నాను. రెండేళ్ళకు ఆమె సెంటర్ మూసేసి ఒక బడిలో గుమస్తాగా చేరింది.

ఇప్పుడు పెళ్ళికార్డులు ఫోన్లలోనే వస్తున్నాయి. అక్క అడిగితే కసిరిన ప్రశ్నకు, యంత్రం అడిగేసరికి బుద్ధిగా జవాబిస్తున్నాను. ఆ ప్రెస్సులు మూతబడ్డాయి, వాటి యజమానుల్లో కొందరు లేనే లేరు. నిన్న సిగ్గు చంపుకుని ఫోన్ చేసి, అందరికీ చెబుతానక్కా అంటే ఆమె మెల్లగా, "ఇగ ఎవలికి చెప్తవ్ తమ్మీ?" అన్నది. ఆ ఏడు మా మూడు ఊళ్ళలో పెళ్ళి చేసినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, తప్పు మా అక్కది కాదండీ, నాది.